తల ఎటు పెట్టారు

1957 జూన్‌లో నన్ను నందిగామ రేంజికి హెల్త్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. శిక్షణ పూర్తయి ఏడాది కూడా కాలేదు. మశూచికి టీకాలు వెయ్యడం, కలరా వస్తే సూదులు పొడవడం, బావుల్లో బ్లీచింగు కలిపించడం, సంతలో చెడిన చేపలు పారబోయించడం మా పనులు. వీటితో పాటు జనన మరణ రిజిస్టర్ల తనిఖీ కూడా ఉండేది. ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా రాయాల్సింది మునసబు. ఆయన రాసింది సరిగా ఉందో లేదో చూసి సంతకం పెట్టాల్సింది నేను. శ్మశానాలు కూడా మా అజమాయిషీలోకే వస్తాయి. గొయ్యి ఆరడుగుల లోతు ఉందా, మంచినీళ్ళ బావికి తగినంత ఎడంగా ఉందా అన్నది మేం చూడాలి. చచ్చిపోయినవాళ్ళ గురించి శిక్షణలో నాకు చెప్పింది అంతవరకే.

ఆ ఆగస్టులో మున్నేరు పొంగింది. వరద తీస్తుండగా, ఏటి ఒడ్డునున్న ఒక పల్లె దగ్గర జమ్ములో శవం చిక్కుకుందని నందిగామకు కబురు వచ్చింది. ఇలాంటి చావు జరిగితే మునసబు పోలీసులకూ మేజిస్ట్రేటుకూ రిపోర్టు పంపాలి. హెడ్ కానిస్టేబులు వచ్చి, ఊరివాళ్ళను ఐదుగురిని పెద్దమనుషులుగా కూర్చోబెట్టి పంచనామా రాయాలి. శవం పాడైపోయి ఉంటే మమ్మల్ని కూడా పిలుస్తారు. బ్లీచింగు డబ్బా సైకిలుకు కట్టుకుని వెళ్ళాను.

మనిషి నీళ్ళలో వారం పైనే ఉన్నాడని చూస్తే తెలుస్తోంది. మొహం లేదు. బట్టలు లేవు. ముప్ఫైకీ నలభైకీ మధ్య వయసు మగమనిషి అన్నంతవరకే పంచనామాలో రాయగలిగారు. హిందువా, ముసల్మానా అని తేల్చే గుర్తు కూడా మిగల్లేదని హెడ్ కానిస్టేబులు ఒక్క వాక్యంలో రాసి ఊరుకున్నాడు. నడుముకు నల్ల మొలతాడు ఒకటి ఉంటే దాన్ని కోసి, కాగితంలో చుట్టి, సీలు వేసి తీసుకున్నాడు.

ఎవరో తెలియని శవాన్ని కాల్చకూడదు, పూడ్చాలి. తర్వాత ఎవరైనా వచ్చి అడిగితే తీసి చూపించడానికి వీలుండాలని ఈ నియమం. ఊరి శ్మశానం ఇంకా మోకాటి లోతు నీళ్ళలో ఉంది. ఆ పల్లెలో అందరూ క్రైస్తవులే. వాళ్ళకు గట్టు మీద చిన్న సమాధుల తోట ఉంది. అక్కడి బడిలో పాఠాలు చెబుతూ, ఆదివారం ప్రార్థన నడిపించే యేసురత్నంగారు ముందుకొచ్చి, మా తోటలో పెట్టుకోండి అన్నారు. ఆయన్ని అందరూ ఉపదేశిగారు అనేవాళ్ళు. ఒకావిడ ఇంట్లోంచి ఉతికిన దుప్పటి తెచ్చిచ్చింది. గొయ్యి తవ్వుతుంటే మూడడుగుల లోతున నాపరాయి తగిలింది. తవ్వేవాళ్ళు దాన్ని తప్పించి పక్కకు తిప్పి తవ్వారు. వాన మళ్ళీ అందుకుంది. నేను లోతు కొలిచి, బ్లీచింగు చల్లించి, బావి ఎంత దూరమో అడుగులు వేసి రాసుకున్నాను.

మట్టి వేసే ముందు ఉపదేశిగారు కళ్ళు మూసుకుని, "ఈ బిడ్డ పేరు మాకు తెలీదు తండ్రీ, నీకు తెలుసు," అన్నారు. రెండు పుల్లలు శిలువలా కట్టి గుచ్చారు. మునసబు తన రిజిస్టరులో పేరు తెలియదు, తండ్రి పేరు తెలియదు, మతం తెలియదు అని రాసుకున్నాడు. నేను చూసి సంతకం పెట్టాను. ఆ పని అంతటితో అయిపోయిందనుకున్నాను.

పన్నెండు రోజుల తర్వాత సీతయ్య అనే రైతు నందిగామలో మా ఆఫీసుకు వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. కుడి మోచెయ్యి దగ్గర చర్మం లేచిపోయి, అప్పుడప్పుడే మానుతోంది. అతను చెప్పింది ఇది. వాళ్ళ ఊరు పెనుగంచిప్రోలుకు ఎగువన, జగ్గయ్యపేట పోలీసు స్టేషను కింద. అన్న రామకోటయ్య, తను కలిసి మిరపనారు తెచ్చుకోవడానికి అవతలి ఒడ్డుకు వెళ్ళారు. బండి కాశిం అనే అతనిది, తోలిందీ అతనే. తిరిగి వచ్చేటప్పుడు ఏటి మధ్యలో ఉండగా నీళ్ళు పెరిగాయి. బండి బోల్తా పడింది. సీతయ్యకు తుమ్మకొమ్మ దొరికింది. మిగతా ఇద్దరూ కొట్టుకుపోయారు. ఈ సంగతి జగ్గయ్యపేట స్టేషనులో రాసుకున్నారు. శవం దొరికింది నందిగామ స్టేషను పరిధిలో. ఈ కాగితమూ ఆ కాగితమూ కలుసుకునేసరికి ఇన్ని రోజులు పట్టింది.

పూడ్చింది తన అన్ననే అని సీతయ్య నమ్మకం. స్టేషనులో మొలతాడు చూపించారట. అన్నకు అలాంటిదే ఉండేదట. శవాన్ని తీయించి ఇస్తే దహనం చేసుకుంటామని సబ్ మేజిస్ట్రేటు గారికి అర్జీ పెట్టాడు. పూడ్చిన శవాన్ని తీయాలంటే మేజిస్ట్రేటు ఉత్తరువు ఉండాలి, ఆయన ఎదురుగానే తీయాలి. ఆరోగ్య శాఖ తరఫున అభ్యంతరం లేదని నేను రాసివ్వాలి. అందుకే నా దగ్గరకు వచ్చాడు.

రాసిచ్చేవాణ్ణే. కానీ ఆ వారంలోనే కాశిం తల్లి హుస్సేన్ బీ వచ్చింది. అరవై దాటిన మనిషి. ఆమె అర్జీలూ అవీ ఏమీ తేలేదు. అరుగు మీద కూర్చుని, నన్ను ఒకే ఒక్క మాట అడిగింది.

"పూడ్చేటప్పుడు నువ్వున్నావంట గదయ్యా. తల ఎటు పెట్టారు?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమే విడమరిచి చెప్పింది. వాళ్ళలో తల ఉత్తరానికి పెట్టి, మొహం పడమటికి తిప్పి పడుకోబెడతారు. అలా పెట్టి ఉంటే కొడుకును కదిలించొద్దని ఆమె ఉద్దేశం. మొలతాడు మాట అడిగితే, దిష్టి తగలకుండా తనే కట్టానని చెప్పింది. నల్లదే.

నేను నా నోటు పుస్తకం తీసి చూశాను. లోతు ఉంది, బావి దూరం ఉంది, బ్లీచింగు ఎంత వాడామో ఉంది. తల ఎటుందో లేదు. ఆ ఆదివారం పల్లెకు వెళ్ళి ఉపదేశిగారిని అడిగాను. క్రైస్తవులు తల పడమర, కాళ్ళు తూర్పుగా పెడతారు కాబట్టి అలాగే పెట్టి ఉంటామన్నారు ఆయన. గొయ్యి తవ్వినతను మాత్రం, రాయి కోసం తిప్పాం గదా, తల నైరుతికి వచ్చిందన్నాడు. దించినవాళ్ళలో ఒకతను అసలు తల ఆ వైపే కాదన్నాడు. మొలతాడు సంగతి అడిగితే ఉపదేశిగారు తన పంచె అంచు కొంచెం దించి తన మొలతాడు చూపించారు. అదీ నల్లదే. మా పల్లెలో కట్టనివాళ్ళు లేరండి అన్నారు.

తిరిగి వస్తుంటే దారి పొడుగునా నా తల తిరిగిపోయింది. మా ఇంట్లో చితి మీద తల దక్షిణానికి పెట్టడం చూశాను. అది మా పద్ధతి అని కూడా ఎప్పుడూ అనుకోలేదు. చచ్చిపోతే అంతే చేస్తారని అనుకున్నాను. ఇప్పుడు మూడు దిక్కులు, వాటి మధ్య ఏ దిక్కూ కాని గొయ్యి ఒకటి. ఎవరికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

రామకోటయ్య భార్య రత్తమ్మ సంగతి జగ్గయ్యపేట స్టేషనువాళ్ళ వల్ల తెలిసింది. ఆమెను పిలిచి మొలతాడు చూపిస్తే, ఇది నేను వేసిన ముడి కాదని చెప్పి వెళ్ళిపోయిందట. మరిది మా అన్నే అంటాడు. భార్య మా ఆయన కాదంటుంది. రిజిస్టరులో ఆ పేరు రాస్తే ఆమె వితంతువు అవుతుంది. రాయకపోతే సీతయ్యకు కర్మ చేసే దారి లేదు. ఏం చెయ్యాలని జిల్లా హెల్త్ ఆఫీసరు గారికి రాశాను. నిబంధనల ప్రకారం వ్యవహరించవలసినదని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. నిబంధనల పుస్తకం ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు చదివాను. ఇలాంటిది అందులో లేదు.

సెప్టెంబరు చివర్లో శవం తీయడానికి ఉత్తరువు వచ్చింది. పొద్దున్నే సబ్ మేజిస్ట్రేటు గారు, నందిగామ ఆసుపత్రి డాక్టరు గారు, హెడ్ కానిస్టేబులు, నేను వెళ్ళాం. సీతయ్య బండెడు కట్టెలు, కుండ, ఊరి పురోహితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. కాశిం తరఫున మసీదు పెద్దలిద్దరు తెల్లగుడ్డతో వచ్చారు. హిందువుల్లో గానీ వాళ్ళలో గానీ ఆడవాళ్ళు శ్మశానంలోకి రారు. అందుకని హుస్సేన్ బీ ముళ్ళకంపకు అవతల ఎండలో కూర్చుంది. కాసేపటికి రత్తమ్మ నడిచి వచ్చి ఆమె పక్కనే కూర్చుంది. నుదుట బొట్టు అలాగే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు అంతకుముందు చూసి ఎరగరు.

శవాన్ని దుప్పటితో సహా పైకి తీశారు. డాక్టరు గారు చాలాసేపు చూశారు. ఎత్తు చూస్తే ఇద్దరిలో ఎవరైనా కావచ్చు. ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు. ఎముక విరిగి అతికిన గుర్తు లేదు. ఇద్దరికీ ఎప్పుడూ విరగలేదు. కాశింకు పై వరసలో ముందు పన్ను లేదని హుస్సేన్ బీ చెప్పింది. బండి కాడి తగిలి ఊడిందట. ఆ మాట పట్టుకుని చూస్తే పై వరసలో ముందు పళ్ళు నాలుగూ లేవు. రాళ్ళ మీద దొర్లి దవడ ముందు భాగమే చితికిపోయింది. ఊడినది పాతదో కొత్తదో చెప్పలేనన్నారు డాక్టరు గారు. అభిప్రాయం ఇవ్వడానికి వీలుపడలేదని కాగితం మీద రాసి సంతకం పెట్టారు.

అంతవరకూ తీసి చూస్తే తేలుతుందన్న ఆశ ఒకటి అందరికీ ఉంది. అది పోయింది. శవం మాత్రం పైన ఉంది. ఎండ ఎక్కుతోంది. సబ్ మేజిస్ట్రేటు గారు నా వైపు తిరిగి, మధ్యాహ్నంలోపు దీన్ని ఏం చెయ్యాలో చెప్పవయ్యా, ఆరోగ్య శాఖ నువ్వే గదా అన్నారు. సీతయ్య మాత్రం మా అన్నే, నాకివ్వండి అని కట్టెల బండి పట్టుకుని నిలబడ్డాడు. మసీదు పెద్దలు తెల్లగుడ్డ చేత పట్టుకుని ఎండలో నిలబడ్డారు. ఆడవాళ్ళిద్దరినీ అడిగి వస్తానని కంప దగ్గరకు వెళ్ళాను.

డాక్టరు గారి మాట చెప్పాను. సీతయ్య కాల్చడానికి అడుగుతున్నాడని కూడా చెప్పాను.

"ఆయన అన్నే అయ్యుండొచ్చు, నేను కాదన్లా," అంది హుస్సేన్ బీ. "కానీ అయ్యా, పూడ్చాక ఆయన అన్నని తేలితే మళ్ళా తీసి కాల్చుకోవచ్చు. కాల్చాక నా కొడుకని తేలితే నేనేం చేసుకోను?"

రత్తమ్మ ఆమె వైపు చూసింది. తర్వాత సీతయ్యను ఒకసారి పిలవమని నాతో అంది.

సీతయ్య వచ్చి కంపకు ఇవతల నిలబడ్డాడు. తలెత్తలేదు. అన్నకు తిండీ నీళ్ళూ లేకుండా అలా వదిలేయలేనని, పిండం పెట్టకపోతే అన్న ఎక్కడ తిరుగుతుంటాడోనని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు.

"చెయ్యి వదిలింది నేనే వదినా," అన్నాడు. "పట్టుకోలేకపోయా."

"వదిలావని నేనెప్పుడన్నా అన్నానా?"

అతను మోచేతి మీద మానిన గాయాన్ని తడుముకున్నాడు.

"మీ అన్నయ్య కాదు అది," అంది రత్తమ్మ. "ఆ పెద్దమ్మ తన కొడుకు అనుకుంటోంది. ఆమెకిచ్చెయ్. నీకు కర్మ చేసుకోవాలని ఉంటే చేసుకో, నేనడ్డం రాను. ఆ శవాన్ని మటుకు కాల్చొద్దు."

సీతయ్య వెనక్కి వచ్చి పురోహితుడి దగ్గర కూర్చున్నాడు. శవం లేకుండా కర్మ ఎలా అని అడిగాడు. దానికి శాస్త్రంలో దారి ఉందని ఆయన చెప్పాడు. మనిషి దూరదేశంలో పోయినా, నీళ్ళలో పోయి దొరక్కపోయినా, మోదుగాకుల కాడలతో మనిషి రూపం చేసి దాన్ని దహనం చెయ్యవచ్చు. నాకు అప్పటిదాకా ఆ సంగతి తెలియదు. సబ్ మేజిస్ట్రేటు గారికి కూడా తెలియదనుకుంటాను. ఆయన రెండుసార్లు అడిగి చెప్పించుకున్నారు. చివరికి సీతయ్య బండివాడికి కట్టెలు వెనక్కి తీసుకెళ్ళమని చెప్పాడు.

తిరిగి పూడ్చమని ఉత్తరువు రాశారు. నాపరాయి అడ్డం ఉన్న పాత గొయ్యి వదిలేసి, నాలుగు గజాల ఎడంలో కొత్తది తవ్వాలన్నాను. ఉత్తరం దక్షిణంగా తవ్వాలని కూడా చెప్పాను. ఇది క్రైస్తవుల తోట కాబట్టి ఉపదేశిగారి అనుమతి అడిగాను. ఆయన తమవాళ్ళతో ఒక్క నిమిషం మాట్లాడి, సరేనని, తవ్వేవాళ్ళకు పారలు ఇచ్చి పంపారు. పాత గొయ్యి మీది శిలువ ఆయనే తీసి పక్కన పెట్టుకున్నారు. మసీదు పెద్దలు పై నుంచి నీళ్ళు పోసి, ఆ దుప్పటి తియ్యకుండానే దాని మీద తెల్లగుడ్డ చుట్టారు. శవం కదిలితే విడిపోతుంది, తియ్యడానికి వీలు లేదు. పల్లెలో ఒకావిడ ఇచ్చిందని చెబితే ఉండనివ్వండి అన్నారు. చనిపోయినవాళ్ళ కోసం చేసే జనాజా నమాజు చదువుతుంటే సీతయ్య, పురోహితుడు, పల్లెవాళ్ళు వెనక నిలబడ్డారు. ఎక్కడ నిలబడాలో తెలియక నేను డాక్టరు గారి పక్కన నిలబడ్డాను.

ఈసారి తల ఉత్తరానికి పెట్టారని, మొహం పడమటికి తిప్పారని కంప దగ్గరకు వెళ్ళి హుస్సేన్ బీకి చెప్పాను. నువ్వు చూశావా అని అడిగింది. చూశానన్నాను. లేచి, రత్తమ్మ చెయ్యి పట్టుకుని రోడ్డు దాకా నడిచింది.

పది రోజుల తర్వాత మున్నేటి ఒడ్డున సీతయ్య మోదుగ రూపానికి దహనం చేశాడు. నన్ను రమ్మని కబురు పంపితే వెళ్ళాను. తలకు కొబ్బరికాయ. చేతులకు ఇన్ని, కాళ్ళకు ఇన్ని, రొమ్ముకు ఇన్ని అని లెక్క పెట్టి పేర్చిన ఆకుల కాడలు మొత్తం మూడు వందల అరవై. నూలుతో చుట్టి, తడిపిన పిండితో మెత్తారు. తల దక్షిణానికి పెట్టారు. ఆకులు కాబట్టి తొందరగానే కాలిపోయింది. సీతయ్య అస్థికలకు బదులు ఆ బూడిదే ఏట్లో కలిపి, ఎంతోసేపు నీళ్ళలో నిలబడ్డాడు. రత్తమ్మ రాలేదు. బొట్టు తియ్యలేదు. ఊళ్ళో మాటలు వచ్చాయట. కర్మ చేసినవాణ్ణి నేనే ఊరుకున్నాను, మీకెందుకని సీతయ్యే అందరి నోళ్ళూ మూయించాడని తర్వాత తెలిసింది.

ఆ దహనాన్ని రిజిస్టరులో ఎక్కించాలా అన్నది నాకు తేలలేదు. దహనం జరిగింది, నేను చూశాను. కానీ చావు ఎవరూ చూడలేదు. మునసబు నన్ను అడిగాడు. నేను మళ్ళీ జిల్లాకు రాయలేదు. ఏమీ రాయొద్దన్నాను. ఆ మాట తప్పో ఒప్పో అప్పుడు నాకు తెలియదు. తనిఖీకి వెళ్ళిన ప్రతిసారీ ఆ పేజీ తిప్పి చూసేవాణ్ణి. నవంబరులో సమాధుల పండుగకు పల్లెవాళ్ళు తమ సమాధులతో పాటు ఆ మట్టిదిబ్బకు కూడా సున్నం వేసేవాళ్ళు.

1964 చివరికి నేను జగ్గయ్యపేటలో ఉన్నాను. ఒక రోజు రత్తమ్మ ఆఫీసుకు వచ్చింది. జుట్టు నెరిసింది. సీతయ్య కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఏడేళ్ళ పాటు ఏ కబురూ లేని మనిషిని చనిపోయినట్టు కోర్టు భావిస్తుంది. ప్లీడరు ఆమెకు ఆ సంగతి చెప్పి, రామకోటయ్య పేర మరణం నమోదు కాలేదని మా దగ్గర కాగితం తెమ్మన్నాడు. ఇప్పుడెందుకమ్మా అని అడిగాను.

"ఏడేళ్ళు చూశానండి. ఇంక రాడు," అంది.

రిజిస్టరులో 1957లో పేరు తెలియదు అని ఒక నమోదు ఉందని, కోర్టు ఒప్పుకుంటే దానికి రామకోటయ్య పేరు చేర్చే వీలు ఉందేమో కనుక్కుంటానని చెప్పాను. అలా అయితే తేదీతో సహా మరణం రుజువవుతుంది, ఆమెకు పని తేలికవుతుంది.

"అందులో చేర్చొద్దండి," అంది. "అది హుస్సేన్ బీ కొడుకు. ఆమె పోయినేడు పోయింది. ఇప్పుడు మనం పేరు మారిస్తే ఆ పిల్లాడికి ఎవరుంటారు?"

ఆమె అడిగిన కాగితమే రాసిచ్చాను. ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు వెతికాం, ఆ పేరు దొరకలేదు అని. అది నిజమే. సీతయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరూ బస్సుకు వెళ్ళారు. తర్వాత వాళ్ళను నేను చూడలేదు.

ముప్ఫై రెండేళ్ళు ఆ శాఖలో పనిచేశాను. తర్వాత కూడా ఎవరివో తేలని శవాలు వచ్చాయి. కాల్చిపారేస్తే పోతుందని తొందరపెట్టిన అధికారులూ ఉన్నారు. సందేహం ఉన్నచోట, తర్వాత దిద్దుకోవడానికి వీలున్న పనే ముందు చెయ్యాలని వాళ్ళతో చెప్పేవాణ్ణి. ఇది నాకు శిక్షణలో ఎవరూ చెప్పలేదు, ముళ్ళకంప అవతల కూర్చున్న ఒక తల్లి చెప్పింది. ఆ గోతిలో ఉన్నది ఎవరన్నది మాత్రం నాకు ఇవాళ్టికీ తెలియదు.